గోడకు పటం, గోడమీద పిల్లి

ఈ వ్యాసం వ్యాకరణాన్ని గురించి అని మొదటే చెబితే మిత్రులలో సగంమంది ఇక్కడే సెలవు పుచ్చుకుంటారని నాకు తెలుసు. అందుచేత ముందుగా ఒక పిల్లి సంగతి చెబుతాను.

2022 జూలై నెల. చిత్తూరులో మామిడికాయల కాలం ముమ్మరంగా ఉంది. తోతాపురి బండ్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉండే రోజులు. మా ఎదురింటి ఆవిడ ఆ సీజనులో ఫ్యాక్టరీ పనికి పోతుంది. ఆమె వచ్చేదాకా ఒకటో తరగతి చదివే కూతురు, రెండేళ్ళు నిండిన కొడుకు మా ఇంట్లోనే ఉంటారు. ఒకనాటి సాయంత్రం ఆవిడ పిల్లలను పిలుచుకుపోవడానికి వచ్చి, గడప దగ్గరే నిలబడిపోయింది.

"అయివోరూ, మా పాప బడిలో నోరు తెరవడమే లేదంట. చెవుడేమో పెద్దాసుపత్రిలో చూపించమని టీచరమ్మ చెప్పి పంపింది. రేపు కూలి పోతే పోయింది, పిలుచుకుపోతా" అంది.

నేను ఆశ్చర్యపోయాను. మూడు వీధుల అవతల ఐసు బండి గంట మోగితే మొట్టమొదట లేచి పరుగెత్తేది ఈ పిల్లే. మా అవ్వ (అంటే నా భార్య, వీధిలోని పిల్లలందరికీ ఆమె అవ్వే, నాకు కూడా అదే అలవాటయింది) వంటింట్లో బెల్లం డబ్బా మూత తీస్తే వీధి అరుగుమీద ఉన్న ఈ పిల్లకు వినబడుతుంది. "రెండు దినాలు ఆగమ్మా, నేను కనుక్కుంటాను" అన్నాను.

కనుక్కోవడానికి రెండు దినాలు కాదు, నాలుగు దినాలు పట్టింది. ఆ పిల్ల తనంతట తాను చెప్పలేదు. అవ్వ పక్కన పడుకొని ఎప్పుడో మాటల్లో జారవిడిచింది. బడిలో ఒక బొమ్మ చూపించారట. బల్ల, దాని కింద పిల్లి. పిల్లి ఎక్కడుందో ఇంగ్లీషులో చెప్పమన్నారట. మా పాప అందరికంటే ముందు చెయ్యెత్తి, లేచి నిలబడి, గట్టిగా చెప్పిందట: "టేబుల్ అండర్ క్యాట్!"

"బల్లను పిల్లి మోస్తా ఉందా?" అని నవ్వు వినబడింది. తరగతి అంతా నవ్వింది. ఆనాటినుంచి ఆ పిల్ల బడిలో నోరు విప్పలేదు.

ఈ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేమిటి? ఆమెకు పిల్లి తెలుసు, బల్ల తెలుసు, కింద అనే మాటకు ఇంగ్లీషులో అండర్ అంటారనీ తెలుసు. మూడింటినీ తన భాష ఏ వరుసలో పేర్చడం నేర్పిందో ఆ వరుసలోనే పేర్చింది. బల్ల కింద పిల్లి. టేబుల్ అండర్ క్యాట్. అక్షరాలా సరిపోయింది. ఇంగ్లీషువాడు మాత్రం దానిని చదివి బల్లనెత్తి పిల్లి నెత్తిన పెడతాడు. మనం చోటును ముందు చెప్పి, వస్తువును ఆ తరువాత అందులో ఉంచుతాం. వాళ్ళు వస్తువును ముందు పట్టుకొని, ఆనక చోటు వెతుకుతారు. పైగా మన 'కింద' బల్ల వెనుక నడుస్తుంది, వాళ్ళ 'అండర్' బల్లకు ముందు నడుస్తుంది. అద్దంలో కుడి ఎడమలు మారినట్లు మొత్తం తలక్రిందులవుతుంది.

అద్దం అంటే గుర్తుకొచ్చింది. 2019 నవంబరులో ప్రభుత్వం 81వ నంబరు జీవో ఇచ్చి, 2020-21 విద్యాసంవత్సరంనుంచి ప్రభుత్వ బడులలో ఒకటినుంచి ఎనిమిదో తరగతిదాకా ఇంగ్లీషు మాధ్యమం అన్నది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ఆ తగవు ఒక పక్క నడుస్తూండగానే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో అదే పాఠం ఇంగ్లీషులో. 'మిర్రర్ ఇమేజ్' పుస్తకాలని వాటిని పిలిచారు. మాధ్యమం ఏది ఉండాలన్న చర్చలోకి నేను ఇక్కడ దిగను. ఆ రెండు పుటలను పక్కపక్కన చూసినప్పుడు మాత్రం ఆ పేరు పెట్టినవారికి తెలియకుండానే ఎంత నిజం పలికారో అనిపిస్తుంది. అద్దంలో బొమ్మ సరిగ్గా మనలాగే ఉంటుంది, తిరగబడి ఉంటుంది. ఆ తిరగబడిన సంగతి ఆరేళ్ళ పిల్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నిద్రపట్టకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. 1987లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. విభక్తులు చదివిస్తున్నాను. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని అనుసరించి మనం బళ్ళలో వల్లించిన పట్టికలో 'కి, కు, యొక్క, లో, లోపల' షష్ఠి. 'అందు, న' సప్తమి. ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు లేచి, "లో అంటే చోటు గదా సార్? అందు పక్కన గదా ఉండాల? యొక్క పక్కన ఎందుకు ఉండాది?" అన్నాడు. నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. "చిన్నయసూరికే పాఠం చెప్పే మొనగాడు పుట్టినాడురా మన బడిలో" అన్నాను. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువగా నేను నవ్వాను. మరుసటి వారంనుంచి వాడు బడికి రాలేదు. మేకలు తోలుకొని పోతున్నాడని చెప్పారు. నా నవ్వే అందుకు కారణమని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. నేను వెళ్ళి అడగలేదు.

వాడి ప్రశ్న మంచి ప్రశ్న. పలువురిలో ఒకరిని ఎంచి చెప్పేటప్పుడు సంస్కృతంలో షష్ఠి వస్తుంది. 'రాజులలో గొప్పవాడు' అనేటప్పటి 'లో' ఆ తోవన షష్ఠిలో చేరింది. 'ఇంటిలో ఉన్నాడు' అనే 'లో' మాత్రం చోటునే చెబుతుంది. రెండు నిమిషాల్లో చెప్పదగిన సమాధానం. ఆనాడు నాకే తెలియదు, తెలియదని ఒప్పుకోవడం చేతకాక నవ్వాను.

సరే, పాప విషయానికి వస్తాను. చెవి ఆసుపత్రి ప్రయాణం మాన్పించి, ఆ పిల్లకు నేనే చెబుతానని తల్లికి మాట ఇచ్చాను. తెలుగు పండితుడు ఇంగ్లీషు చెప్పడమేమిటని మా అవ్వ నవ్వింది. మొదట నేను చేసిన పని చాలా తెలివితక్కువ పని. బజారునుంచి ఒక బొమ్మల పటం తెచ్చి, 'ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, అండర్ అంటే కింద, బిహైండ్ అంటే వెనక' అని వరుసగా ఎనిమిది మాటలు వల్లెవేయించాను. మూడో రోజుకు పాప గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. నాకు గర్వం కలిగింది. గోడకు ఉన్న మా నాయన పటం చూపించి, "ది పిక్చర్ ఈజ్ ఆన్ ది వాల్" అన్నాను.

పాప పటంవైపు చూసింది, గోడవైపు చూసింది, నావైపు చూసింది.

"తాతా, గోడమింద పిల్లి గదా ఉండేది? పటం గోడకు గదా ఉండాది?"

ముప్ఫై యేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, నా నోట మాట రాలేదు. 'గోడమీద' అనగానే మనకు ప్రహరీగోడ పైఅంచు, దానిమీద తోక ముడిచి కూర్చున్న పిల్లి కళ్ళకు కడతాయి. గోడమీద పిల్లివాటం అనే జాతీయమే ఉంది కదా. పటం గోడకు ఉంటుంది. బల్లి అయితే గోడమీద పాకుతుంది, నిజమే. కాని మేకు కొట్టి తగిలించినది, అతుక్కున్నది, వేలాడేది ఏదైనా తెలుగులో 'కు' వద్దకు పోతుంది. చెట్టుకు కాయలు, చెట్టుమీద కాకి. వేలికి ఉంగరం, వేలిమీద ఈగ. నొసటికి బొట్టు, చెవికి కమ్మ, తలుపుకు గొళ్ళెం. వీటన్నిటికీ ఇంగ్లీషువాడు ఒకే 'ఆన్' వాడతాడు. వాడికి కావలసింది పైన ఉండడం కాదు, తాకి ఆనుకొని ఉండడం. ఇంటి కప్పుకు కిందివైపున వ్రేలాడే ఫాను కూడా వాడికి 'ఆన్ ది సీలింగే'. ఇంగ్లీషు 'ఆన్'కు మన 'ఆను' దగ్గరగా ఉన్నట్లనిపించి ఆ సాయంత్రం తెగ సంబరపడ్డాను. అది కేవలం ఉచ్చారణలోని కాకతాళీయం, శాస్త్రం కాదు. అయినా పాపకు చెప్పడానికి భలే పనికి వచ్చింది. "ఆనుకొని ఉంటే ఆన్" అన్నాను. ఆ పిల్ల లేచి గోడకు ఆనుకొని నిలబడి, "నేను ఆన్ ది వాల్" అంది. అది కూడా తప్పేనని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఇది నేను ఒక్కడినే కనిపెట్టిన విచిత్రం కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. సూంజా చోయ్, మెలిస్సా బౌర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 1991లో కొరియా పిల్లల మాటలను ఇంగ్లీషు పిల్లల మాటలతో పోల్చి చూశారు. ఇంగ్లీషు పిల్లలు లోపల పెట్టడం, మీద పెట్టడం అని లోకాన్ని రెండుగా చీలుస్తారు. కొరియా భాషలో బిగువుగా పట్టడం అనేదానికి ఒక క్రియ ఉంది. వేలికి ఉంగరం పెట్టినా, ఒరలాంటి పెట్టెలో వస్తువును ఇమిడ్చినా అదే క్రియ. మాటలు నేర్చే పసితనంలోనే ఎవరి భాష చీల్చినట్లు వాళ్ళు చీలుస్తారు. మన తెలుగులో మాత్రం తక్కువా? ఉంగరం తొడుగుతాం, గాజులు తొడుగుతాం, చొక్కా తొడుగుతాం. దండ వేస్తాం. పూలు, టోపీ, బొట్టు పెడతాం. ఇంగ్లీషులో వీటికి చాలావరకు ఒక్క 'పుట్ ఆన్' చాలు. కాబట్టి 'ఆన్ అంటే మీద' అని పిల్లలకు చెప్పడమంటే చిల్లర లెక్కలో సగం నాణేలు ఎగ్గొట్టడమే.

పాప తమ్ముడు నాకు ఇంకొక పాఠం చెప్పాడు. వాడి ముందు చెంబు ఒకటి, చింతగింజలు కొన్ని పెట్టి "చెంబు పక్కన పెట్రా" అంటే లోపల వేశాడు. "చెంబుమింద పెట్రా" అంటే అప్పుడూ లోపలే. పీట పెట్టి ఏమి చెప్పినా పీటమీదే పెట్టాడు. వాడికి భాష కాదు, వస్తువు ఆకారం ఆజ్ఞ ఇస్తుంది. గుంట ఉంటే అందులో, చదరం ఉంటే దానిమీద. ఈవ్ క్లార్క్ అనే ఆవిడ 1973లోనే ఈ మాట వ్రాసింది. 1979లో జాన్‌స్టన్, స్లోబిన్ అనేవారు ఇంగ్లీషు, ఇటాలియన్, సెర్బో-క్రొయేషియన్, టర్కీ పిల్లలను పరీక్షించి చూశారు. నాలుగు భాషల్లోనూ లో, మీద, కింద, పక్కన ముందుగా వస్తాయి. మధ్య, ముందు, వెనక ఆలస్యంగా వస్తాయి. టర్కీ భాషలో మనకులాగే ఈ మాటలు నామవాచకం తరువాతే వస్తాయి. పెద్దవాళ్ళ పటంలో ఎనిమిది బొమ్మలు ఒకే వరుసలో ఉన్నంత మాత్రాన ఆ ఎనిమిదింటి బరువు సమానం కాదన్నమాట. నేను బొమ్మల పటాన్ని చుట్టి అటకమీద పారేశాను.

తరువాత మేము ఆడిన ఆట చాలా చిన్నది. ఒక చింతగింజకు 'దొంగ' అని పేరు పెట్టాం. పాప కళ్ళు మూసుకుంటే నేను దొంగను దాచాలి. వెతికి పట్టుకున్నాక పోలీసుకు ఫోను చెయ్యాలి. పోలీసు మా అవ్వ. పోలీసుకు తెలుగు రాదు, ఓపిక అంతకన్నా లేదు. మొదట దొంగ దొరికినట్లు చెప్పకపోతే ఫోను పెట్టేస్తుంది. అందుచేత పాప ముందు 'ది థీఫ్ ఈజ్' అనాలి. ఆ తరువాత పోలీసు "వేర్?" అని కసురుతుంది. అప్పుడు 'అండర్' అని, ఆ వెనుక 'ది మంచం'. మంచాన్ని మంచంగానే ఉండనిచ్చాం. చేట, రోలు, దిండు, ఉట్టి అన్నీ తెలుగులోనే ఉండిపోయాయి. ఒక వాక్యంలో ఒక కొత్త బరువు చాలు. "ది థీఫ్ ఈజ్ అండర్ ది చేట" అని ఆ పిల్ల అరుస్తూంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. వారం తిరిగేసరికి దొంగ ముందు, చోటు వెనుక అనే వరుస నాలుకకు పట్టింది. నేను ఏ సూత్రమూ చెప్పలేదు. అవ్వకు ఓపిక లేకపోవడమే సూత్రం.

'ఎట్' దగ్గర మళ్ళీ చిక్కు వస్తుందని భయపడ్డాను. బళ్ళలో దానికి 'వద్ద' అని అర్థం చెబుతారు. మా చిత్తూరు పిల్లల నోట 'వద్ద' అనే మాట పలకదు; 'వద్దు' అన్నట్లు వినిపిస్తుంది. అప్పుడు ఆ పిల్ల తమ్ముణ్ణి వెతుకుతూ, "వాడు బోరింగుకాడ ఉండాడు" అంది. బడికాడ, అంగడికాడ, గుడికాడ, అలిపిరికాడ. లోపలా బయటా అన్న పట్టింపు లేకుండా ఫలానా చోట అని ఒక చుక్క పెట్టే మాట మా ఇళ్ళల్లోనే ఉంది. ఇంగ్లీషు 'ఎట్'కు ఇంతకంటే సరిగ్గా సరిపోయే తెలుగు మాట నాకు దొరకలేదు. ముప్ఫై యేళ్ళ ఉద్యోగంలో ఆ 'కాడ'ను ఎన్ని వ్యాసాల్లో ఎర్ర సిరాతో కొట్టేసి 'వద్ద' అని దిద్దానో లెక్కలేదు.

కొండ విషయంలో మాత్రం పాపకు ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ఈ సీమలో కొండ అంటే ఒకటే. 'అమ్మ కొండకు పోయింది, ఈ రాత్రికి కొండమిందనే ఉంటాది' అంటారు. ఎగువ తిరుపతి, దిగువ తిరుపతి అనే మాటలు పాతకాలంనుంచి ఉన్నవే. అలిపిరి దారిన 3550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిన 2388 మెట్లు ఎక్కి దిగే జనానికి పైన, కింద అనేవి పుస్తకంలో నేర్చుకోవలసినవి కావు, పిక్కలకే తెలుస్తాయి. మా ఊళ్ళ పేర్లలో కూడా ఇదే కదా: దిగువమాఘం వంటి ఊరి పేరులోనే చోటు చెప్పే మాట కూర్చుని ఉంది. (తిరుపతి మా జిల్లా'లో' ఉండేది, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మా జిల్లా 'పక్కన' ఉంది. కొండ ఉన్నచోటే ఉంది.) "మామ్ ఈజ్ ఆన్ ది కొండ" అని పాప తడుముకోకుండా చెప్పింది. ఆ వెంటనే, అమ్మ బస్సులో వస్తోంది అనడానికి 'ఆన్ ది బస్' అనాలని నేను చెప్పేసరికి కళ్ళు పెద్దవి చేసింది. "బస్సుమిందనా? ఘాటు రోడ్డులోనా? పడిపోదా?" అంది. కారు అయితే 'ఇన్' అట, బస్సు అయితే 'ఆన్' అట. ఎందుకో నాకు తెలిసినంత చెప్పబోయాను. నిలబడి నడవగలిగినంత జాగా ఉన్న బండి అయితే అని మొదలుపెట్టి, ఆ పిల్ల ముఖం చూసి ఆపేశాను. "వాళ్ళ ఇంట్లో అట్లా అంటారు" అన్నాను. "సరే, వాళ్ళిష్టం" అంది.

ముందు, వెనకలకు ఏకంగా నెల పట్టింది. మనిషికి ముఖం ఉంది, ఇంటికి వాకిలి ఉంది. వేపచెట్టుకు ముందేది, వెనకేది? దొంగను చెట్టు చాటున దాచి నేను 'బిహైండ్' అంటే, అటువైపునుంచి చూస్తున్న పాప 'ఇన్ ఫ్రంట్' అంటుంది. ఇద్దరమూ నిజమే చెబుతున్నాం. మా నాయన ఉండి ఉంటే ఈ తగవే వచ్చేది కాదు. ఆయన చెట్టుకు తూర్పున అనేవాడు. అన్నంలో కూర తూర్పు పక్కకు జరుపు అనేవాడు కూడా.

ఆగస్టులో ఒకరోజు పాప బడికి వెళ్ళాను. ఆ టీచరమ్మతో నాలుగు మాటలు గట్టిగా అనాలనే వెళ్ళాను, దాచడం దేనికి. చూస్తే ఒకే గదిలో రెండు తరగతులు, ఒక్కతే మనిషి, గొంతు బొంగురు పోయి ఉంది. నన్ను కూర్చోబెట్టి, "నేను కూడా తెలుగు మీడియమే సార్. నాకు ఎవరూ ఇది చెప్పలేదు. ఆ రోజు నవ్వినాను, నిజమే" అంది. గట్టిగా అనడానికి తెచ్చుకున్న నాలుగు మాటలూ గొంతులోనే ఉండిపోయాయి. 1987 సంగతి ఆవిడకు చెప్పాను. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీవారు చుట్టుపక్కల పల్లెబడుల కోసం తయారుచేసిన కార్డుల సంగతి కూడా చెప్పాను. అక్కడ ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు వారు చూసుకొని, ఎవరి కార్డు వారు తీసుకొని పనిచేస్తారు. నలుగురి ముందు లేచి నిలబడి జవాబు చెప్పవలసిన అవసరం తక్కువ. ఆవిడ శ్రద్ధగా వింది. చింతగింజల ఆట మాత్రం మరునాడే మొదలుపెట్టిందట. దొంగగా మా పాపను పెట్టలేదు, పోలీసును చేసిందట.

పాప వెంటనే గలగలా మాట్లాడేసిందని వ్రాయడానికి నాకూ ఆశగానే ఉంది. అలా జరగలేదు. దసరా సెలవులదాకా తరగతిలో గొంతు పెగల్లేదు. ఆ తరువాత ఎప్పుడో, ఏ ప్రశ్నకో, మెల్లగా ఒక మాట చెప్పిందట. అది ఏ మాటో నాకు ఎవరూ చెప్పలేదు, ఆ పిల్లకూ గుర్తు లేదు.

నాలుగో తరగతిలోకి వచ్చాక ఒక మధ్యాహ్నం మండుటెండలో వచ్చి అరుగుమీద కూలబడి, "తాతా, ఎండలో నిలబడినా అంటే 'ఇన్ ది సన్' అంట. సూర్యుడి లోపలనా?" అని అడిగింది. మా అవ్వ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను నిఘంటువు కోసం లోపలికి వెళ్ళాను.